దేవుడి వేషం, శుక్రవారం తీర్పు

మన సినిమాల తలరాత శుక్రవారం మధ్యాహ్నానికల్లా తేలిపోతుంది. మార్నింగ్ షో చూసి బయటికొచ్చినవాడు గేటు దగ్గర మైకు ముందు ఒక మాట అంటాడు. మ్యాట్నీకి అదే టాక్ అవుతుంది, ఫస్ట్ షోకి అదే తీర్పు. సోమవారం హాల్లో ఎన్ని సీట్లు నిండాయో చూసుకుని బయ్యరు లెక్క మొదలుపెడతాడు: షేర్ ఎంత వచ్చింది, ఇంకెంత వస్తే గట్టెక్కుతాం అని. సమీక్షకుడు అయిదింటికి రెండున్నరో మూడో వేసి వచ్చే వారం సినిమా మీదికి వెళ్లిపోతాడు. డబ్బుల లెక్కా, మార్కుల లెక్కా ఒకదాన్నొకటి వెక్కిరించుకుంటూనే ఏళ్ల తరబడి పక్కపక్కన నడుస్తున్నాయి. ఈ రెండిట్లో ఏదో ఒకదానికి ప్రతి సినిమా దొరుకుతుందని మనందరి ధీమా.

ఆ రెండిటికీ సరిగ్గా దొరకని సినిమా ఒకటి 2022 సెప్టెంబరు 9న బెంగళూరులో విడుదలైంది. పేరు 'లక్కీ మ్యాన్'. కన్నడ సినిమా. దేవుడూ, విడాకులూ, కాస్త కామెడీ, కాస్త కన్నీళ్లు.

విడుదలకు ఆ వారం కూడా భలే దొరికింది. సెప్టెంబరు మొదట్లో కురిసిన వానకి బెల్లందూరు, యెమలూరు వైపు ఊరు చెరువైపోయింది. కోట్ల రూపాయల విల్లాల్లోంచి జనం ట్రాక్టర్లెక్కి బయటపడ్డారు. సాఫ్ట్‌వేర్ ఉద్యోగులు లాప్‌టాప్ సంచులు గుండెకి హత్తుకుని ట్రాక్టర్ ట్రాలీల్లో ఆఫీసులకి వెళ్తున్న ఫోటోలు దేశమంతా చూసింది. ఔటర్ రింగ్ రోడ్డు ఇంకా పూర్తిగా ఆరకముందే సినిమా వచ్చింది. మామూలు సినిమాకైతే ఓపెనింగ్స్ రాకపోవడానికి ఇంతకన్నా పెద్ద సాకు అక్కర్లేదు. తెలుగు పంపిణీదారుల్లో పాతవాళ్లకి ఇలాంటిదే ఒకటి గుర్తుండాలి. 1990 మే 9న, పెను తుపాను కోస్తాను కొట్టిన రోజునే, 'జగదేకవీరుడు అతిలోకసుందరి' విడుదలైంది. అది కూడా దేవలోకం నుంచి భూమికి దిగొచ్చిన కథే. మొదట తడిసి ముద్దయినా, నీళ్లు తీశాక జనం విరగబడ్డారు. అక్కడ తీర్పు ఆలస్యమైందే గాని మారలేదు. ఇక్కడ జరిగింది వేరు.

'లక్కీ మ్యాన్' కథ తెలుగువాళ్లకి తెలిసిందే. అదే ఏడాది దీపావళికి 'ఓరి దేవుడా' పేరుతో మన దగ్గరికీ వచ్చింది. చిన్ననాటి స్నేహితురాలు ఒకరోజు హఠాత్తుగా పెళ్లి చేసుకుందామా అంటుంది. వద్దనడానికి కారణమేదీ తోచక ఇతను సరేనంటాడు. కొన్నాళ్లకే ఇద్దరూ విడాకుల కోర్టుకి చేరతారు. అక్కడ దేవుడు తగులుతాడు. నామాల్లేవు, కిరీటం లేదు, శంఖచక్రాలు అసలే లేవు. మంచి బట్టలేసుకుని, చమత్కారంగా మాట్లాడే మనిషి. ఒక టికెట్ ఇస్తాడు. దాంతో వెనక్కెళ్లి, ఆ రోజు అన్న 'సరే'ని 'వద్దు' చేసుకోవచ్చు. చేసుకున్నాక ఏమవుతుందన్నది మిగతా సినిమా. మామగారి కమోడ్ల ఫ్యాక్టరీలో కుర్రాడి ఉద్యోగం, దాని చుట్టూ జోకులు. దీనికి అసలు మూలం అశ్వత్ మారిముత్తు తీసిన తమిళ 'ఓ మై కడవుళే'. 2020లో ప్రేమికుల రోజున విడుదలైంది. అందులో దేవుడు విజయ్ సేతుపతి. తెలుగులో వెంకటేశ్. కన్నడంలో పునీత్ రాజ్‌కుమార్.

కన్నడంలో తీసినది ప్రభుదేవా తమ్ముడు నాగేంద్ర ప్రసాద్. హీరో డార్లింగ్ కృష్ణ, హీరోయిన్లు సంగీత శృంగేరి, రోషిణీ ప్రకాశ్. తమ్ముడి సినిమా కాబట్టి ప్రభుదేవా వచ్చి పునీత్‌తో ఒక పాటకి కాలు కదిపాడు. ఒప్పందం చూస్తే అందరికీ తెలిసిన లెక్క: చిన్న హీరో సినిమాకి పెద్ద హీరో అతిథి పాత్ర, పోస్టరు మీద ఒక మొహం, మొదటి రోజు నాలుగు టికెట్లు ఎక్కువ. పునీత్ కూడా అలాగే, సరదాగా, నాలుగు రోజుల పని అనుకుని చేసి ఉంటాడు. నటించినప్పుడు అది నిజంగానే వేషం.

2021 అక్టోబరు 29న ఆయన పోయాడు. నలభై ఆరేళ్లు.

ఆ తర్వాత పది నెలల్లో బెంగళూరులో ఏం జరిగిందో చూడనివాళ్లకి చెప్పడం కష్టం, చూసినవాళ్లకి చెప్పనక్కర్లేదు. కంఠీరవ స్టేడియం చుట్టూ తెల్లవార్లూ నిలబడ్డ జనం, కంఠీరవ స్టూడియోలో తండ్రి రాజ్‌కుమార్ పక్కన సమాధి, అక్కడ రోజూ కట్టే వరసలు. నేత్రదానం చేశాడని తెలిసి కంటి ఆసుపత్రుల్లో పేర్లు రాయించుకోవడానికి ఎగబడ్డ కుర్రాళ్లు. కొత్త సంవత్సరం క్యాలెండర్ల మీద ఆయనే, ఆటోల వెనక ఆయనే, సెలూన్లో అద్దం మీద ఆయనే. 2022 మార్చి 17న, ఆయన పుట్టినరోజున, హీరోగా ఆయన చివరి సినిమా 'జేమ్స్' వచ్చింది. ఆగస్టులో లాల్‌బాగ్ పూల ప్రదర్శనే రాజ్‌కుమార్‌కీ పునీత్‌కీ అంకితం. గాజనూరులోని వాళ్ల ఇంటిని పూలతో కట్టారు. ఆగస్టు చివర్లో వినాయక చవితి. ఆ ఏడు బెంగళూరు వీధుల్లో వినాయకుడి పక్కన పునీత్ బొమ్మ పెట్టిన విగ్రహాలు కొల్లలు. భుజం మీద చెయ్యేసి నవ్వుతున్న వినాయకుణ్నీ చూశాను.

ఆ విగ్రహాలు నిమజ్జనమైన వారం పది రోజుల్లో, తెర మీద అదే మనిషి దేవుడిగా ప్రత్యక్షమయ్యాడు.

ఫ్రేము మారలేదు. డైలాగు మారలేదు. హాస్యం కోసం రాసిన సన్నివేశం, హాస్యం కోసమే నటించినది, అచ్చం అలాగే తెర మీదికొచ్చింది. కానీ హాల్లో ఆడింది కామెడీ కాదు. దేవుడు నవ్వుతూ ఒక చమత్కారం విసురుతాడు, హాలు నవ్వడం మొదలుపెడుతుంది, నవ్వు మధ్యలో గొంతు మారిపోతుంది. మనిషికి రెండో అవకాశం గురించి ఆయన మాట్లాడుతుంటే నా ముందు వరసలో ఒక పెద్దాయన అద్దాలు తీసి చొక్కా అంచుతో తుడుచుకున్నాడు. ఆయన పక్కన భార్య, ఆవిడ పక్కన పాప్‌కార్న్ తినడం మానేసిన పిల్ల. ప్రభుదేవా పాట రాగానే ముందు బెంచీలు తెర దగ్గరికి పరుగెత్తాయి. ఆ పాటలో వింత ఏంటంటే, అంతటి నర్తకుడు పక్కన ఆడుతున్నా కళ్లు అటు పోవు. ప్రభుదేవా జీవితంలో ఇంతమంది ఆయన్ని చూడకుండా ఆయన పాట చూడటం అదే మొదటిసారి అయ్యుంటుంది.

దేవుడు తెర మీంచి వెళ్లిపోయి, హీరో దాంపత్య సమస్యలు మళ్లీ మొదలైనప్పుడు హాల్లో ఫోన్ల వెలుతురు కనపడింది. పాపం డార్లింగ్ కృష్ణ. మంచి నటుడే, తన పని తను చేసుకుపోయాడు. కానీ ఆ వారం ఆ ఊళ్లో ఎవరి విడాకులు ఎవరికి పట్టాయి?

నా మట్టుకు 'లక్కీ మ్యాన్' మామూలు సినిమా. తమిళంలో ఉన్న తేలికదనం ఇక్కడ లేదు. ఆ అబ్బాయికి తన భార్య విలువ తెలిసే దారి అంచెలంచెలుగా రావలసింది, గెంతుకుంటూ వచ్చింది. రెండో సగంలో పాటలు అడ్డం. ఎక్కడైనా ఇదే రాస్తాను. కానీ ఇది రాసి ఊరుకుంటే, ఆ శుక్రవారం హాల్లో జరిగినదాంట్లో పిసరంత కూడా చెప్పినట్టు కాదు. ఆ వారం నేను చదివిన సమీక్షల్లో ఈ ఇరకాటం స్పష్టంగా కనిపించింది. ముందు కథ, తర్వాత నటీనటులు, తర్వాత సాంకేతిక విభాగం అని వరసగా నడుస్తున్న సమీక్ష, పునీత్ పేరు రాగానే గొంతు మార్చుకుంటుంది. విమర్శ ఆగి నివాళి మొదలవుతుంది. ఆ పేరా అయిపోగానే మళ్లీ స్క్రీన్‌ప్లే సాగతీత గురించి. కొందరు దీన్ని విమర్శకుల పిరికితనమన్నారు. నాకలా అనిపించలేదు. ఒకే టికెట్ మీద రెండు సంగతులు జరుగుతున్నప్పుడు రెండు గొంతులతో రాయడమే నిజాయితీ. ఇబ్బందల్లా చివర ఒకే మార్కు వెయ్యాల్సి రావడం. మూడు వేస్తే అందులో దేవుడికెన్ని, సినిమాకెన్ని?

ఆ రోజుల్లోనే ఆటోలో వెళ్తుంటే అద్దం కింద అప్పు బొమ్మ కనిపించింది. ఇక్కడ పునీత్ అందరికీ అప్పునే. డ్రైవరు కోలారు వైపు మనిషి, ఇంట్లో తెలుగు, బయట కన్నడం. సినిమా చూశావా అప్పా అన్నాను.

"చూస్తిని సార్. రెండు తూర్లు."

"ఎట్లుంది?"

అద్దంలోంచి నా వైపు అదోలా చూశాడు. "ఎట్లుండేదేముంది సార్. అప్పు సారు వస్తాడు, మాట్లాడతాడు, పోతాడు. సినిమా ఎట్లుంటే మనకేమి?"

సిల్క్ బోర్డు జంక్షన్ దాకా ఆ విషయం మళ్లీ ఎత్తలేదతను. ఎత్తడానికి ఏమీ లేదన్నట్టు. టాక్ అడగడమే తప్పన్నట్టు. అతని రెండు టికెట్లూ బయ్యరు లెక్కలో చేరిపోయాయి. కానీ అతను ఆ డబ్బు సినిమాకిచ్చాడా అంటే, ఏమో. ట్రేడ్ భాషలో రిపీట్ ఆడియెన్స్ అంటే సినిమా బాగుందని అర్థం. ఇక్కడ ఆ అర్థం చెల్లదు.

ఇక్కడ ఒక పక్కదారి తొక్కాలి, ఎందుకంటే అసలు కన్నడంలో పునీత్ దేవుడెందుకయ్యాడో ఆ దారిలోనే ఉంది. కర్ణాటకలో కొన్ని దశాబ్దాల పాటు ఇతర భాషల సినిమాలని కన్నడంలోకి డబ్ చెయ్యనివ్వలేదు. చట్టమేమీ లేదు, పరిశ్రమ పెట్టుకున్న కట్టుబాటు. స్టూడియోలు, నటులు, సాంకేతిక నిపుణుల పొట్ట కొడుతుందన్నది వాదన. రాజ్‌కుమార్ తరం దాని వెనక గట్టిగా నిలబడింది. దాంతో రెండు జరిగాయి. ఒకటి, బెంగళూరు, బళ్లారి, రాయచూరు, కోలారు ప్రేక్షకులు తెలుగు సినిమాని తెలుగులోనే, తమిళాన్ని తమిళంలోనే చూడ్డం నేర్చుకున్నారు. తెలుగు నిర్మాతకి కర్ణాటక హక్కులంటే నేటికీ గట్టి ఆదాయమంటే దాని పుణ్యం కూడా కొంత ఉంది. రెండోది, బాగా ఆడిన ప్రతి పొరుగు కథనీ కన్నడంలో కొత్తగా తీసుకోవాల్సి వచ్చింది. పునీత్ కెరీర్‌లోనే చూడండి: మన 'ఒక్కడు' అక్కడ 'అజయ్', మన 'రెడీ' అక్కడ 'రామ్', మన 'దూకుడు' అక్కడ 'పవర్'. రుణం ఒకవైపే కాదు. ఆయన్ని హీరోగా నిలబెట్టిన 2002 నాటి 'అప్పు' తీసింది మన పూరి జగన్నాథ్, అదే కథ తెలుగులో రవితేజ 'ఇడియట్'. ఆ డబ్బింగ్ నిషేధం పోటీ చట్టానికి విరుద్ధమని కాంపిటీషన్ కమిషన్ 2015లో తేల్చింది. రెండేళ్లకి డబ్బింగు సినిమాలు కన్నడంలోకి రావడం మొదలైంది. అయినా రీమేక్ అలవాటు వెంటనే పోలేదు.

అలవాటు పోయి ఉంటే, 'ఓ మై కడవుళే' నేరుగా కన్నడ మాటలతో వచ్చి ఉండేది. దేవుడు విజయ్ సేతుపతే అయ్యేవాడు, డబ్బింగ్ కళాకారుడి గొంతుతో. జనం నవ్వుకుని ఇంటికెళ్లేవాళ్లు. రీమేక్‌లో కథ అరువు తెచ్చుకోవచ్చు, హాస్యం తెచ్చుకోవచ్చు, దేవుణ్ని మాత్రం ఊళ్లోంచే వెతుక్కోవాలి. తెలుగు రీమేక్ వెంకటేశ్‌ని వెతుక్కుంది. అదో తమాషా. 'గోపాల గోపాల'లో దేవుడి మీద కోర్టుకెక్కిన మనిషే ఏడేళ్లకి 'ఓరి దేవుడా'లో దేవుడి కుర్చీలో కూర్చుని భార్యాభర్తల తగువు విన్నాడు. విశ్వక్ సేన్ హీరో, తరుణ్ భాస్కర్ మాటలు. 2022 అక్టోబరు 21న, 'సర్దార్', 'ప్రిన్స్', 'జిన్నా' అన్నీ ఒకేసారి దిగిన దీపావళి వారంలో విడుదలైంది. మంచి మాటలు వచ్చాయి, గుంపులో నలిగింది. వెంకటేశ్ బాగున్నాడన్నారు, హుందాగా ఉన్నాడన్నారు. అంతవరకే. ఆయన నిండు నూరేళ్లు ఉండాలి; ఉన్నాడు కాబట్టే ఆ పాత్ర అతిథి పాత్రగానే మిగిలింది, సినిమాని సినిమాగా చూడగలిగాం.

ఆ దీపావళికి తెలుగు హాళ్లలో అసలు గెలిచిన దేవుడు వేరే. వారం ముందే, అక్టోబరు 15న, 'కాంతార' తెలుగులో దిగింది. తుళునాడు దైవం, కన్నడ నటుడు, డబ్బింగ్ మాటలు. రిషబ్ శెట్టి వేసిన ఆ కేక మన పల్లెటూరి థియేటర్ల గోడలు దాటి వినిపించింది. మనవాళ్లు కోలాలూ భూతాలూ చూసినవాళ్లు కాదు, పంజుర్లి ఎవరో తెలీదు. అయినా రీమేక్ చేసిన మన దేవుడి కన్నా డబ్ చేసిన పొరుగు దేవుడికే దణ్ణం పెట్టారు. డబ్బింగుకి దశాబ్దాల పాటు తలుపులు మూసుకున్న పరిశ్రమ, అదే డబ్బింగ్ దారిలో దేశాన్ని గెలిచిన సంవత్సరమది. 2025లో అదే అశ్వత్ మారిముత్తు 'డ్రాగన్' తీస్తే తెలుగులో ఎవరూ రీమేక్ ఊసెత్తలేదు. డబ్ చేశారు, ఆడింది. ఇకమీదట ఊరికొక దేవుణ్ని వెతుక్కునే అవసరం ఉండదేమో. వ్యాపారానికి మంచిదే. నాకైతే కొంచెం వెలితిగా ఉంది.

పోయిన మనిషి తెర మీదికి రావడం, అదీ మాయల కథలో రావడం, తెలుగువాళ్లకి కొత్త కాదు. 2014 మే 23న వచ్చిన 'మనం' సంగతి వేరే చెప్పక్కర్లేదు. తనకి కేన్సరని అక్కినేని నాగేశ్వరరావు 2013 అక్టోబరులో విలేకరుల్ని పిలిచి తనే చెప్పారు. జనవరి 22న పోయారు. మధ్యలో, మంచాన పడ్డ రోజుల్లో, ఇంట్లోనే ఏర్పాట్లు చేయించుకుని తన పాత్రకి తనే గొంతు ఇచ్చారు. తర్వాత ఎవరో తన గొంతు అనుకరిస్తే బాగోదని ముందే తెలిసిన వృత్తి మనిషి. విక్రమ్ కుమార్ రాసిన ఆ కథలో వరసలన్నీ తలకిందులు. పునర్జన్మల వల్ల కొడుకు తండ్రికి తండ్రవుతాడు. నిజ జీవితంలో కొడుకైన నాగార్జునని తొంభయ్యో పడిలోని నాగేశ్వరరావు తెర మీద తన తండ్రిగా గుర్తుపడతాడు. పోయినవాళ్లు తిరిగొస్తారన్న కథని, తిరిగి రాని మనిషి చెబుతుంటే చూశాం.

అక్కడ కూడా ఏడ్చారు. నేనూ చూశాను, బెంగళూరులోనే, తెలుగువాళ్లతో కిక్కిరిసిన హాల్లో. కానీ 'మనం' మన సానుభూతి మీద ఆధారపడలేదు. హాస్యం హాస్యంగా పండింది, చిక్కుముడి వేసిన చేత్తోనే విప్పాడు దర్శకుడు. బయ్యరు గట్టెక్కాడు, సమీక్షకుడు మనస్ఫూర్తిగా మార్కులేశాడు, ఉత్తమ చిత్రంగా ఫిల్మ్‌ఫేర్ వచ్చింది. దుఃఖమూ తీర్పూ ఒకే దిక్కుకి నడిచాయి కాబట్టి వాటిని విడదీసి చూడాల్సిన పని పడలేదు. ఆ సినిమాని ఎప్పుడు తలుచుకున్నా, పెద్దాయన లేకపోయినా అది మంచి సినిమాయే అని ఇట్టే అనగలం. 'లక్కీ మ్యాన్' విషయంలో ఆ రెండూ చెరో దిక్కుకీ లాగాయి. అందుకే అది ఎక్కువ ఆలోచింపజేస్తుంది. మంచి సినిమాకన్నా, సరైన సమయానికి దొరికిపోయిన మామూలు సినిమా ప్రేక్షకుడి గురించి ఎక్కువ చెబుతుంది.

పోయినవాళ్లని పనిగట్టుకుని రప్పించిన సందర్భాలూ ఉన్నాయి. 2007లో రాజమౌళి 'యమదొంగ' తీసినప్పుడు, పదకొండేళ్ల కిందట పోయిన పెద్ద ఎన్టీఆర్‌ని గ్రాఫిక్స్‌తో మనవడి ముందుకి తెచ్చాడు. హాళ్లలో ఈలలు, హారతులు. కానీ అది దర్శకుడు అనుకుని వేసిన ఎత్తు; ఎక్కడ ఈల పడుతుందో తెలిసి తీసిన షాట్. 'జేమ్స్' విషయంలో అవసరం ముందుకొచ్చింది. పునీత్ డబ్బింగ్ పూర్తి కాకుండానే పోతే అన్న శివరాజ్‌కుమార్ గొంతు అరువిచ్చాడు. విడుదలయ్యాక నెలకి, కొత్త సాంకేతికతతో పునీత్ గొంతునే పునఃసృష్టించి మళ్లీ వేశారు. జనం మళ్లీ వెళ్లారు. నాకు మాత్రం అన్న గొంతుతో ఉన్నదే నచ్చింది. తమ్ముడి పెదాలకి అన్న మాటలు సరిపోని చోటల్లా ఆ ఇంట్లో ఏం జరిగిందో తెలుస్తూ ఉంటుంది. యంత్రం ఆ అతుకు మాయం చేసింది, దాంతో పాటు అదీ పోయింది.

'లక్కీ మ్యాన్'లో ఎవరూ ఏ ఎత్తూ వెయ్యలేదు. దాన్ని మార్చింది క్యాలెండరు ఒక్కటే. ఆయన ఉండగానే వచ్చి ఉంటే ఇదే సినిమాకి నవ్వులు, ఈలలు, రెండు వారాల రన్, ఆపైన టీవీ. ఈ వ్యాసమూ ఉండేది కాదు.

బతికున్న హీరో దేవుడైనప్పుడు ఏమవుతుందో చూడాలంటే 2023 జులై నాటి 'బ్రో' ఉంది. తమిళంలో సముద్రఖని తీసిన 'వినోదయ సిత్తం' చిన్న సినిమా, థియేటర్ల మొహం చూడకుండా నేరుగా ఓటీటీకి వచ్చింది. అందులో కాలం మనిషి రూపంలో వచ్చి, చచ్చిపోయినవాడికి కొన్ని రోజులు అప్పిస్తుంది. నెమ్మదైన కథ. ఆ కాలం పాత్ర తెలుగులో పవన్ కల్యాణ్‌కి వెళ్లేసరికి నెమ్మది పోయింది. దేవుడు తన పాత సినిమాల పాటలకి తనే ఆడాడు, హాలు ఊగింది, మొదటి రోజులు మోతెక్కాయి, తర్వాత చల్లబడింది. అభిమానులకి అది పండగ, బయటివాళ్లకి ఆ పాటలెందుకో అర్థం కాలేదు. దాన్ని నేను తప్పు పట్టను గాని, అక్కడ దేవుడు హీరోకి వేషమయ్యాడు. బెంగళూరులో నేను చూసినది దీనికి తిరగేసినట్టుగా ఉంది. పునీత్ ఆ పాత్రలో తన గురించి ఏమీ చెప్పుకోలేదు. అసలు ఆ నటనలో ఏ ఘనతా లేదు, హాయిగా కూర్చుని మాట్లాడాడంతే. మిగతాదంతా హాలు నింపుకుంది. 1983లో 'భక్త ప్రహ్లాద'లో ప్రహ్లాదుడు ఈ పిల్లవాడే, ఎదుట హిరణ్యకశిపుడు రాజ్‌కుమార్. దేవుడు ఎక్కడున్నాడని తండ్రి గద్దించిన పిల్లవాడు ముప్పై తొమ్మిదేళ్లకి అదే ఊరి తెర మీద దేవుడి కుర్చీలో కూర్చున్నాడు. రచయిత ఎవరైనా రాస్తే అతి అనిపించే సంగతి. ఏ రచయితా రాయలేదు.

2022 నవంబరు 1న విధానసౌధ మెట్ల మీద పునీత్‌కి కర్ణాటక రత్న ఇచ్చారు. వాన పడుతూనే ఉంది. రజనీకాంత్ వచ్చాడు, మన జూనియర్ ఎన్టీఆర్ వచ్చి కన్నడంలో మాట్లాడాడు. కుందాపుర తల్లి బిడ్డ కాబట్టి తడుముకోలేదు. 'చక్రవ్యూహ'లో పునీత్ కోసం పాట పాడిన స్నేహం కూడా. మరుసటి ఫిబ్రవరిలో మైసూరు రోడ్డు నాయండహళ్లి నుంచి బన్నేరుఘట్ట రోడ్డు దాకా రింగ్ రోడ్డుకి ఆయన పేరు పెట్టారు. ఇప్పుడు ట్రాఫిక్ పోలీసుల హెచ్చరికల్లో పునీత్ రాజ్‌కుమార్ రోడ్డు మీద వాహనాలు నిదానంగా కదులుతున్నాయని వస్తుంటుంది. ఊరు మనిషిని తనలో కలుపుకునే పద్ధతుల్లో ఇదొకటి. కొన్నాళ్లకి ఆ పేరు వింటే మొహం కన్నా ముందు జామ్ గుర్తొస్తుంది.

ఈ మధ్య రీరిలీజుల గోల మొదలైంది కదా. 2025 మార్చిలో 'అప్పు'ని మళ్లీ వేశారు. మేలో, సరిగ్గా ముప్పై అయిదేళ్లకి, 'జగదేకవీరుడు' త్రీడీలో వచ్చింది. శ్రీదేవి లేదు, ఇంద్రుడి కూతురు మాత్రం అలాగే దిగొచ్చింది. పాత సినిమాలకి ఎవరూ సమీక్ష రాయరు, మార్కులు వెయ్యరు. వసూళ్ల పట్టికలు మాత్రం ఠంచనుగా వస్తాయి. తొలిరోజు రీరిలీజ్ రికార్డు ఎవరిదని కుర్రాళ్లు కొట్టుకుంటారు. పుట్టకముందు వచ్చిన సినిమా పాటలకి సీట్లెక్కి ఆడుతున్న ఆ పిల్లల్ని చూస్తే, వీళ్లకి ఆ సినిమా ఏమిటి అని అనుమానమొస్తుంది. 1990లో తుపాను నీళ్లు దాటుకుని వెళ్లినవాళ్లు చూసిన సినిమాయైతే కాదు.

'లక్కీ మ్యాన్' కూడా ఎప్పుడో ఏదో యాప్‌లో ఒక కుర్రాడి కంట పడుతుంది. పునీత్ ఎవరో తెలియని, ఆ రోడ్డు మీద జామ్‌లో మాత్రం రోజూ ఇరుక్కునే కుర్రాడు. దేవుడి వేషంలో ఉన్నతన్ని చూసి పర్లేదు, నవ్వు బాగుంది అనుకుంటాడు. కథ నడుస్తుంటే మధ్యలో ఈ పాటేంటి, ఇంతసేపేంటి అని విసుక్కుంటాడు. ముందుకి జరుపుతాడు. చివర్లో స్టార్లు అడిగితే రెండున్నర ఇస్తాడు. నన్నడిగినా అంతే ఇస్తాను, పాట మాత్రం జరపను.